పోర్తోలో నాన్న చూసిన వంతెనలు

పోర్చుగల్‌లోని పోర్తోలో చదువుకున్నానని చెబితే అందరూ వైన్ గురించే అడుగుతారు. ఊరి పేరు మీదే పోర్ట్ వైన్ ఉంది కాబట్టి వాళ్ళ తప్పేం లేదు. నాకు మాత్రం ఆ పేరు వింటే ముందు మా నాన్న గుర్తొస్తారు. రైలు కిటికీకి ఊచలు లేవని ఆశ్చర్యపోతూ, అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్న నాన్న.

2014 జూన్ సంగతి. నేను అక్కడి యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద ఎమ్మెస్ చేస్తున్నాను. హైదరాబాదులో అక్కకి పురుడు, అమ్మ కదలడానికి వీల్లేదు. "మీ నాన్న ఇక్కడుంటే పసిపిల్లతో పాటు నాకింకో పిల్లాడు. రెండు వారాలు నువ్వు చూసుకో" అని అమ్మే తేల్చేసింది. అలా పాస్‌పోర్టు మొహం ఎరగని మనిషి, 66 ఏళ్ళ వయసులో, రెండు స్వెట్టర్లూ ఒక కేజీ సున్నుండలూ పట్టుకుని లిస్బన్‌లో దిగారు.

నాన్న రాజమండ్రిలో రైల్వే బ్రిడ్జి సెక్షన్లో ఖలాసీగా చేరి, మేస్త్రీగా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి మీదే, హేవలాక్ బ్రిడ్జి గర్డర్లు పట్టుకునే గడిచింది. చిన్నప్పుడు అమ్మ క్యారేజీ ఇచ్చి పంపితే గట్టు మీద నిలబడి పైకి చూసేదాన్ని. ఎర్ర లెడ్ పెయింటు పులుముకుని అక్కడ వేలాడే నలుగురైదుగురిలో ఏ కాళ్ళు మా నాన్నవో ఇట్టే చెప్పేదాన్ని.

లిస్బన్ నుంచి పోర్తోకి రైల్లో మూడు గంటలు. ఊరు దగ్గర పడుతుండగా ఆయన్ని ఎడమవైపు కిటికీలోకి మార్చాను. ఆ ఊరిని మొదటిసారి నది మీంచే చూడాలి. కొండ వాలు మీద ఒకదాని భుజాలెక్కి ఒకటి తొంగిచూస్తున్నట్టుండే ఇళ్ళు, ఎర్ర పెంకులు, కింద దోరు నది. మ్యాపుల్లో డోరో అని కనిపిస్తుంది గానీ అక్కడివాళ్ళ నోట అది దోరే. దోరజామ గుర్తొచ్చి నాకు మొదట్నుంచీ ఆ పేరంటే ఇష్టం.

"చూడండి నాన్నా, ఎంత బావుందో" అన్నాను. ఆయన చూస్తున్నది ఊరిని కాదు.

"అమ్మడూ, ఆ పక్క బ్రిడ్జి ఎందుకు మూసేశారు?"

మా రైలు వెళ్తున్నది కాంక్రీటు వంతెన మీద. దాని పక్కనే, ఈ కొండ నుంచి ఆ కొండకి ఒక్క అంగలో దాటేసినట్టు, ఒంటి ఇనప ఆర్చి. నీళ్ళలో ఒక్క పిల్లరు లేదు. అంతకుముందు నేను చాలాసార్లు ఆ దారిన వచ్చాను. అక్కడ ఏదో ఉందని తెలుసు, అంతే.

"మూసేశారని మీకెలా తెలుసు?"

"రెండు రైలు బ్రిడ్జీలు ఇంత దగ్గర దగ్గరగా ఎవడన్నా కడతాడా? పక్కన కొత్తది లేచిందంటే పాతదానికి సెలవిచ్చేశారనే కదా. తొమ్మిది నెలల్నుంచి ఉంటున్నావు, దాని పేరేంటో తెలీదా నీకు?"

తెలీదు. ఆ రాత్రి ఫోన్లో వెతికి చదివి వినిపించాను. మరియా పియా వంతెన. 1877లో ఈఫిల్ కంపెనీ కట్టింది. ఆర్చి పొడవు 160 మీటర్లు. పట్టా ఒకటే, రైలు మెల్లగా పోవాలి. 1991లో పక్కన కాంక్రీటు వంతెన రాగానే దీన్ని ఆపేశారు.

"ఈఫిలంటే ఆ టవరాయనేనా?"

"ఆయనే. టవరు దీని తర్వాత 12 ఏళ్ళకి కట్టారు."

నాన్న దుప్పటి కప్పుకుని చాలాసేపు వేళ్ళ మీద లెక్కలేసుకున్నారు. "మన హేవలాక్ 1900. ఇది మనదానికంటే ఇరవై మూడేళ్ళు పెద్దది. 114 ఏళ్ళు చేసింది సర్వీసు. మనది 97" అన్నారు. 1997లో గోదావరి మీద కొత్త ఆర్చి బ్రిడ్జి వచ్చి హేవలాక్ మీద రైళ్ళు ఆగిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ వారం ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని అమ్మ మాకు ముందే చెప్పి ఉంచింది. అదొక్కటే గుర్తు.

ఆ రాత్రితో నేను రాసిపెట్టుకున్న రెండు వారాల ప్రోగ్రాం అయిపోయింది. నాన్నకి వంతెనలు కావాలి. మిగతావన్నీ దారిలో పడితే చూస్తారు.

దారిలో పడ్డవి మరీ తక్కువేం కాదు లెండి. క్లేరిగుష్ గోపురం 75 మీటర్లు, నికోలావు నజోనీ అనే ఇటలీ ఆయన కట్టాడు, 1763లో పూర్తయింది. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. నాన్న మోకాళ్ళకి మెట్లు పడవు. ఎదురుగా బెంచీ మీద కూర్చుని కిందనుంచే చూసేశారు. 1906 నాటి లెల్లో పుస్తకాల షాపులో ఎర్రమెట్లు ఒయ్యారంగా మెలి తిరిగి ఉంటాయి, ఆ మెట్ల కోసమే జనం దేశదేశాల నుంచి వస్తారు. నాన్న వాటి మీద వేలితో కొట్టి చూసి "గట్టిదే" అన్నారు. సావ్ ఫ్రాన్సిస్కు చర్చిలో లోపలంతా కొయ్య చెక్కడాలు, వాటి మీద బంగారు పూత. అక్కడ మాత్రం టోపీ తీసి కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఏం దండం పెట్టుకున్నారో నేనడగలేదు.

సావ్ బెంతు స్టేషన్‌లో మాత్రం గంటన్నర. టిక్కెట్లిచ్చే హాలు గోడల నిండా నీలం తెలుపు పింగాణీ పలకలు, సుమారు 20,000. జార్జ్ కొలాసు అనే చిత్రకారుడు 1905 నుంచి పదకొండేళ్ళు పట్టి వేసిన బొమ్మలు. 1916లో స్టేషన్ తెరిచారు. అందరూ కింద ఉండే పెద్ద యుద్ధాల బొమ్మల ముందు ఫోటోలు దిగుతారు. 1415లో రాకుమారుడు ఎన్రీక్ సముద్రం దాటి సేవుతా పట్టణాన్ని గెలిచిన బొమ్మ అన్నిటికన్నా ఫేమస్. నాన్న చూపు వాటికి పైన, ఎవరూ తలెత్తని వరుస మీద పడింది. అక్కడ నీలం కాదు, రంగులున్నాయి. ఆ దేశంలో ప్రయాణాల చరిత్రంతా వరసగా గీశారు. ఎడ్లబళ్ళు, గుర్రపుబళ్ళు, చివరికి రైలు.

"ఆ ఎద్దు కొమ్ములు చూడు, మన ఒంగోలు జాతి కాదు, వేరే" అని మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డారు. స్టేషన్‌లో బొమ్మ గీసేవాడికి రైలూ బండీ గీయాలనిపించిందంటే వాడు బుద్ధిమంతుడని కూడా తేల్చారు.

ఇక దొం లూయిష్ వంతెన. పోర్తో పోస్టుకార్డు ఏది చూసినా ఉండేది అదే. నేను అద్దెకున్నది నదికి అవతలి ఒడ్డున గాయాలో, యూనివర్సిటీ ఇవతలి ఒడ్డున. రోజూ పసుపు లైను మెట్రోలో ఆ వంతెన మీంచే పోయేదాన్ని, ఫోన్ చూసుకుంటూ. నాన్న నన్ను దాని మీద నడిపించారు. వెళ్ళేటప్పుడు పై అంతస్తు మీద, వచ్చేటప్పుడు కింది అంతస్తు మీద. పైన మెట్రో రైలు, దాని పక్కనే మనుషులు, మధ్యలో కంచె కూడా లేదు. కింద అప్పట్లో బస్సులూ కార్లూ.

"మన కొవ్వూరు బ్రిడ్జి తిరగేసినట్టుందే" అన్నారు. నిజమే. 1974లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య వచ్చిన రోడ్ కం రైలు వంతెనలో రోడ్డు పైన, రైలు కింద. ఇక్కడ రైలు పైన, రోడ్డు కింద. కానీ ఆ రైలు పట్టాల పక్కన జనాన్ని అలా వదిలేయడం ఆయనకి అస్సలు మింగుడుపడలేదు. మెట్రో గంట కొట్టుకుంటూ మెల్లగా వచ్చినప్పుడల్లా ఎవరో తెలియని టూరిస్టుల్ని కూడా చెయ్యి పట్టి పక్కకి లాగేవారు. ఒక జర్మన్ ముసలావిడ ఆయనకి మూడుసార్లు థాంక్స్ చెప్పింది.

ఆర్చి 172 మీటర్లు, 1886లో తెరిచారు. గీసినవాడు తియోఫిల్ సేరిగ్. ఈఫిల్ దగ్గర భాగస్వామిగా ఉండి, తర్వాత విడిపోయినాయన. మరియా పియా డిజైను వెనక ఉన్నదీ ఈయనేనని చదివి చెప్పాను.

"అంటే పని ఒకడిది, పేరొకడిది" అన్నారు నాన్న. దానిమీద ఇంకేం మాట్లాడలేదు గానీ, ఆ తర్వాత ఎవరు ఈఫిల్ పేరెత్తినా వచ్చీరాని ఇంగ్లీషులో "నో ఈఫిల్. సేరిగ్" అని సరిచేసేవారు.

కింది అంతస్తు మధ్యలో ఆగారు. ఉంగరం వేలితో గర్డరు మీద రెండుసార్లు కొట్టారు. తర్వాత చెవి ఆనించారు. పైన మెట్రో వెళ్తోంది. నన్నూ చెవి పెట్టమన్నారు. ఎండకి ఇనుము వెచ్చగా ఉంది. లోపల ఎక్కడో దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టు ఒక ఝుం. "రివిట్లు బిగువుగా ఉన్నాయన్నమాట. వదులైతే గలగలమంటుంది" అన్నారు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, మన రైళ్ళలో గోదావరి వచ్చినప్పుడు వేసినట్టే, నదిలోకి వేసి దండం పెట్టారు.

ఇంతలో పక్కనే ఇద్దరు కుర్రాళ్ళు చెడ్డీలతో కమ్మీ ఎక్కి, టూరిస్టుల్ని చిల్లర అడిగి, నదిలోకి దూకారు. రిబేరా రేవు కుర్రాళ్ళకి అది తాతల నాటి ఆట. నాన్న గుండె ఆగినంత పనైంది. వాళ్ళు తేలి చెయ్యూపాక, "మన రేవులో అయస్కాంతం కట్టి చిల్లర లాగే పిల్లకాయల్లాంటోళ్ళే" అని ఇంకో బిళ్ళ తీశారు. అది యూరో అని నేను గుర్తుచేస్తే మళ్ళీ జేబులో పెట్టేశారు.

రిబేరా గట్టు గోడకి ఒక కంచు పలక ఉంది. దాని ముందు ఎప్పుడూ కొవ్వొత్తులు వెలుగుతూ ఉంటాయి. 1809 మార్చి 29న నెపోలియన్ సైన్యం ఊరి మీద పడితే, జనం గాయా వైపు పారిపోదామని పడవలు వరసగా కట్టిన వంతెన మీదికి ఒక్కసారిగా వచ్చారు. వంతెన విరిగింది. వేలమంది నదిలో పోయారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఇంకా దీపాలు పెడుతున్నారని చెబితే నాన్న నాలుక కరుచుకుని, మేమూ ఒకటి వెలిగించాలన్నారు. కొవ్వొత్తి కొనడానికి రెండు వీధులు తిరిగాం.

వైన్ సంగతి. నాన్న జీవితంలో చుక్క ముట్టని మనిషి. అలాంటాయన్ని గాయాలో వైన్ గిడ్డంగికి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. తీసుకెళ్ళమన్నది ఆయనే. "ఊరంతా ఆ గోదాముల పేర్లే ఉన్నాయి గదా, లోపల దూలాలెలా వేశారో చూద్దాం" అన్నారు.

లోపలికి అడుగుపెట్టగానే బయటి ఎండ మాయమైంది. చల్లగా, చీకటిగా, నేల కాస్త తడిగా ఉంది. బెల్లం పాకంలో ద్రాక్ష మగ్గుతున్నట్టు వాసన. రెండు పక్కలా వరసలు వరసలుగా, ఒకదాని మీద ఒకటి, నల్లబడ్డ చెక్క పీపాలు. గైడమ్మాయి ఇంగ్లీషులో చెబుతోంది. ద్రాక్ష పండేది ఇక్కడ కాదు, నదికి ఎగువన కొండల్లో. అక్కడ వేసవి నిప్పుల కుంపటి, ఇక్కడ సముద్రపు చల్లదనం, అందుకే నిలవకి ఇక్కడికి తెస్తారు. రసం పులవడం మొదలైన రెండు మూడు రోజులకే అందులో 77 శాతం సారా, అదీ ద్రాక్ష నుంచి తీసిందే, కలుపుతారు. దాంతో పులవడం ఆగిపోతుంది. తీపి మిగిలిపోతుంది, మత్తు 20 శాతం దాకా చేరుతుంది.

నేను తెలుగులో చెప్పాను. "తోడేసిన పాలు పూర్తిగా పేరుకోకముందే ఫ్రిజ్జులో పెట్టేసినట్టన్నమాట" అన్నారు నాన్న. నేను ఆ తర్వాత ఎందరికో పోర్ట్ వైన్ గురించి చెప్పాను గానీ, అంతకన్నా తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

గైడమ్మాయి ఒక దాని మీద చెయ్యి వేసి, "దీన్ని పీపా అంటాం, 550 లీటర్లు పడుతుంది" అంది.

నాన్న గబుక్కున తల తిప్పారు. "ఏవంది?"

"పీపా."

"అది మన మాట కదా. ఆ పిల్లకెలా తెలుసు?"

మన మాట కాదు నాన్నా, వాళ్ళదే, 500 ఏళ్ళ కింద ఓడలెక్కి వచ్చినప్పుడు మన దగ్గర వదిలేసి పోయారు, బొత్తాం, బాల్చీ, తువ్వాలు, అలమారా కూడా అలా వచ్చినవే అని చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోగా, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చడానికి గైడమ్మాయినే అడగమన్నారు. ఈ గొడవంతా నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆ అమ్మాయి నవ్వి, మమ్మల్ని టూరు దారి తప్పించి వెనక షెడ్డులోకి తీసుకెళ్ళింది.

అక్కడ నీలం చొక్కా వేసుకున్న పెద్దాయన పీపాకి ఇనప పట్టీ బిగిస్తున్నాడు. చుట్టూ తిరుగుతూ సుత్తితో కొడుతున్నాడు. అడుగుకో దెబ్బ, ఒక్కటీ గురి తప్పడం లేదు. నాన్న నిలబడిపోయారు. కాసేపటికి ఆ పెద్దాయన తలెత్తి చూశాడు. నాన్న రైల్వేలో బ్రిడ్జి మేస్త్రీ అని నాకొచ్చిన అరకొర పోర్చుగీసులో చెబుదామనుకుని, మేస్త్రీకి మాట కోసం తడుముకుంటుంటే, నోట్లోంచి "మెష్‌త్రె" అని దానంతటదే వచ్చింది. అదీ వాళ్ళ మాటే మరి.

పెద్దాయన సుత్తి కింద పెట్టాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చాపాడు. "మెష్‌త్రె" అన్నాడు గౌరవంగా. నాన్న ఆ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నారు. తర్వాత సుత్తి అడిగి తీసుకుని, ఆయన చూపించిన చోట నాలుగు దెబ్బలు వేశారు. మూడు బాగా పడ్డాయి. నాలుగోది జారింది. ఇద్దరూ నవ్వుకున్నారు. రైల్వేలో ఏళ్ళ తరబడి ఆయన్ని మేస్త్రీ అనే పిలిచారు. ఆ మాటలో ఇంత మర్యాద ఉందని నాకు ఆ షెడ్డులో తెలిసింది.

టూరు చివర్లో బల్ల ముందు కూర్చోబెట్టి మనిషికి మూడు గ్లాసులు పెట్టారు. తెల్లది, రూబీ, టానీ. రూబీ పండుమిరప రంగు. టానీ ఏళ్ళ తరబడి చెక్కలో ఉండి ఉండి ముదురు బెల్లం రంగుకొస్తుంది. నాన్న ఒక్కో గ్లాసూ వెలుతురుకి పెట్టి చూసి, వాసన చూసి, మళ్ళీ కింద పెట్టారు.

"నువ్వు తాగుతావా?"

నాకు అప్పుడు పాతికేళ్ళు. ఆ ప్రశ్న తొమ్మిది నెలల్నుంచి తప్పించుకు తిరుగుతున్నాను. "ఎప్పుడన్నా... కొంచెం" అన్నాను బల్ల వైపు చూస్తూ.

నాన్న తన మూడు గ్లాసులూ నా వైపు జరిపారు. "రెండు టిక్కెట్ల డబ్బులు కట్టాం. పారబోయిస్తావా ఏంటి? తాగెయ్" అన్నారు. ఒక క్షణం ఆగి, "మీ అమ్మకి చెప్పకు."

ఆరు గ్లాసులు చిన్నవే, కానీ 20 శాతం. బయటికొచ్చి గట్టు మీద నడుస్తుంటే ఎదురుగా దొం లూయిష్ కాస్త ఊగుతున్నట్టనిపించి ఆ మాటే అన్నాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "బ్రిడ్జి బానే ఉంది. ఊగుతున్నది నువ్వు" అన్నారు.

ఆ మాటల వేట తర్వాత కూడా సాగింది. బొల్యావ్ మార్కెట్లో (అప్పటికింకా పాత బిల్డింగే, పడిపోకుండా పోట్లు పెట్టి ఉండేది) పళ్ళ దుకాణం ఆవిడ దగ్గరికెళ్ళి, నన్ను నోరు మూసుకోమని సైగ చేసి, "అనాస" అన్నారు. ఆవిడ "అననాష్!" అంటూ పండు తీసి చేతిలో పెట్టింది. గెలిచినవాడిలా నావైపు చూశారు. అక్కడే ఎండుచేపల కొట్టు. బకల్యావ్ అనే ఉప్పుచేపలు అట్టముక్కల్లా పేర్చి ఉన్నాయి, చలిదేశాల సముద్రాల నుంచి వచ్చినవి. నాలుగడుగుల దూరం నుంచే నాన్న "సంత వాసన" అన్నారు సంతోషంగా. అన్నం కూడా బాగానే తింటారు వాళ్ళు. చేపల పులుసులాంటి దాంట్లో బియ్యం వేసి ఉడికిస్తారు. పోర్తో వెళ్ళి ఫ్రాన్సెజిన్యా తినకపోతే ఎలా అంటారు గానీ, అది మూడు రకాల మాంసం మీద జున్ను కప్పి, ఎర్ర సాసులో ముంచిన బ్రెడ్డు. నాన్నకి చూపించను కూడా లేదు.

ఆరు వంతెనల పడవ షికారు ఒకటుంది, గంట లోపే. మరియా పియా కిందకి రాగానే నాన్న లేచి నిలబడ్డారు. మిగతా వాటికి కూర్చునే మార్కులేశారు. సముద్రం వైపు చివర్లో ఉండే అర్రాబిదా వంతెన 270 మీటర్ల కాంక్రీటు ఆర్చి, 1963లో కట్టినప్పుడు కాంక్రీటు ఆర్చిల్లో ప్రపంచంలోనే పెద్దది. దానికి మంచి మార్కులే పడ్డాయి. కానీ "కాంక్రీటుకి చప్పుడుండదు" అని పెదవి విరిచారు.

మా ఇంటావిడకి డెబ్భై దాటాయి. నాన్నకి పోర్చుగీసు రాదు, ఆవిడకి అది తప్ప ఇంకోటి రాదు. పొద్దున్నే వంటింట్లో ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. జూన్ 16 సాయంత్రం వరల్డ్ కప్‌లో జర్మనీ చేతిలో పోర్చుగల్ 4-0 తో ఓడినప్పుడు ఆవిడ టీవీని తిట్టిన తిట్లన్నిటికీ నాన్న తలూపుతూ "అవునండీ, అవునండీ" అన్నారు. సావ్ జువావ్ పండక్కి ఆవిడే నాన్నకి ఒక చిన్న కుండీ ఇచ్చింది, మంజెరీకు అంటారు, గుండ్రంగా కత్తిరించినట్టుండే చిట్టాకుల మొక్క. అందులో కాగితం పువ్వు, చిన్న జెండా మీద ప్రేమ పద్యం గుచ్చి ఉన్నాయి. దాన్ని ముక్కుతో వాసన చూడకూడదట, అరచేత్తో నిమిరి చెయ్యి వాసన చూడాలట. నాన్న చెయ్యి వాసన చూసుకుని, "ఇది తులసి జాతిదే" అన్నారు. మర్నాటి నుంచీ స్నానం చేసి, దాన్ని తూర్పు కిటికీలో పెట్టి నీళ్ళు పోసేవారు. ఆవిడ దూరం నుంచి చూసి సిలువ గుర్తు వేసుకునేది.

పండగ అంటే సావ్ జువావ్, జూన్ 23 రాత్రి. ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ పడుకోరు. వీధి వీధినా బొగ్గుల మీద సార్డిన్ చేపలు కాలుతుంటాయి, కాల్చిన చేపని బ్రెడ్డు ముక్క మీద పెట్టిస్తారు. ఆకాశం నిండా కాగితపు దీపాలు ఎగురుతాయి, కార్తీకమాసం ఆకాశదీపాలకి రెక్కలొచ్చినట్టు. ఇవన్నీ ఒకెత్తు, ప్లాస్టిక్ సుత్తులు ఒకెత్తు. కొడితే కీచుమంటాయి. దారిన పోయే ఎవరి నెత్తి మీద ఎవరైనా కొట్టొచ్చు. పాతకాలం వాళ్ళు సుత్తికి బదులు పొడుగాటి వెల్లుల్లి పూకాడలు మొహం మీద ఆడిస్తారు.

మొదటి దెబ్బ తిన్నప్పుడు నాన్న వెనక్కి తిరిగి కోపంగా చూశారు. కొట్టింది ఆరేళ్ళ పిల్ల. రెండో దెబ్బ ఒక పెళ్ళికూతురి వయసు అమ్మాయిది. మూడోది మా ఇంటావిడదే. అప్పుడు ఒక పసుపురంగు సుత్తి కొనిపించుకున్నారు. ముందు భయం భయంగా నా నెత్తిన ప్రాక్టీసు చేశారు. అరగంట తర్వాత చూస్తే టోపీ పెట్టుకున్న ఇద్దరు పోలీసుల నెత్తి మీద వరసగా కొడుతున్నారు, వాళ్ళు వంగి మరీ కొట్టించుకుంటున్నారు. సర్వీసులో ఏ ఆఫీసర్ని తలుచుకుని కొట్టారో మరి.

అర్ధరాత్రి నది మీద బాణాసంచా మొదలయ్యే ముందు తోపులాటలో ఆయన చెయ్యి జారిపోయింది. ఫోన్ కలవడం లేదు. నాకు ముచ్చెమటలు పట్టాయి. పైన ఆకాశం పగిలిపోతోంది, జనం కేకలు, సుత్తుల కీచులు, నేను ఏడుస్తూ "నాన్నా" అని తెలుగులో అరుస్తున్నాను. అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పాలో మాటలు కూడా వెతుక్కున్నాను. చివరికి ఎందుకో వంతెన మొదట్లోకి వెళ్ళాను. దొం లూయిష్ పక్కనే రెండు పాత రాతి స్తంభాలున్నాయి. అంతకుముందు 1843లో అక్కడ కట్టిన వేలాడే వంతెనలో మిగిలినవి అవే. వాటిలో ఒకదానికి ఆనుకుని, సుత్తి చంకలో పెట్టుకుని, నాన్న బాణాసంచా చూస్తున్నారు.

"ఎక్కడికి పోయారు?" అని అరిచాను.

"నేనెక్కడికి పోతానే? బ్రిడ్జి దగ్గరే ఉంటానని తెలీదా" అని నా నెత్తి మీద కీచుమని ఒక్కటేశారు.

మర్నాడు రబేలు పడవల పందెం. పూర్వం ఎగువ నుంచి పీపాలు మోసుకొచ్చిన పడవలవి. చదునైన అడుగు, వెనక దూలమంత చుక్కాని. ఆనకట్టలూ లారీలూ వచ్చాక వాటికి పని లేదు, ఏడాదికోసారి ఈ పందెం. నిద్రమొహాలతో చూశాం.

మిగిలిన రోజుల్లో రెండు మాత్రం చెప్పాలి. ఒకటి పిన్యావ్ దాకా రైలు ప్రయాణం. సగం దారి నుంచి పట్టాలు నది ఒరుసుకునే పోతాయి. కుడివైపు కూర్చుంటే కాళ్ళ కిందే నీళ్ళు ఉన్నట్టుంటుంది. కొండలు అడుగు నుంచి శిఖరం దాకా మెట్లు మెట్లుగా చెక్కి, పలకరాళ్ళతో గోడలు పేర్చి, ద్రాక్ష నాటారు. 1756లోనే పొంబాల్ అనే మంత్రి ఈ ప్రాంతానికి సరిహద్దులు గీసి, పోర్ట్ వైన్ ద్రాక్ష ఇక్కడే పండాలని చట్టం చేశాడు. ఆ గోడల్లో సిమెంటు లేదు, రాయి మీద రాయి. నాన్న దారంతా గోడలే చూశారు. పిన్యావ్ స్టేషన్ గోడల మీద కూడా నీలం పలకలు, ద్రాక్ష కోతల బొమ్మలు. బుట్టలు మోసే ఆడవాళ్ళు, వాళ్ళ తలమీది చుట్టకుదురు. "చూడు, చుట్టకుదురు కూడా వీళ్ళ మాటేనంటావా?" అని ఎగతాళి చేశారు.

రెండోది అఫురాదా. నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, గాయా ఒడ్డున బెస్తవాళ్ళ పేట. పోర్తో వైపు నుంచి చిన్న లాంచీలో దాటాం. అక్కడింకా చాకిరేవు ఉంది, కప్పు వేసిన పెద్ద తొట్లలో ఆడవాళ్ళు బట్టలుతికి, నది ఒడ్డున తాళ్ళ మీద ఆరేస్తారు. దుప్పట్లు గాలికి తెరచాపల్లా లేస్తుంటాయి. ఒక హోటల్ ముందు చేపలు కాల్చే ముసలాయన మాటల్లో సావెల్ అనే చేప సంగతి చెప్పాడు. సముద్రంలో ఉంటుంది, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది, ఒళ్ళంతా ముళ్ళు. నేను తెలుగులో చెప్పేలోపే నాన్నకి అర్థమైపోయింది. "పులస" అన్నారు. పులస వర్గం చేపే అది. దాని సీజను అప్పటికే అయిపోయింది. ఆ ముక్క వినగానే నాన్న మొహం పడిపోయింది. పెళ్ళి ఏడాదిలో అప్పుచేసి పులస తెచ్చి అమ్మ చేత తిట్లు తిన్న కథ లాంచీ మళ్ళీ వచ్చేదాకా చెప్పారు.

జూన్ ఆఖర్లో వెళ్ళిపోయారు. కుండీ మొక్కని విమానంలో తీసుకెళ్ళనివ్వరని చెప్పి ఒప్పించడానికి ఒక పూట పట్టింది. సుత్తి మాత్రం పెట్టెలో వెళ్ళింది. ఇప్పుడది మా అక్క కూతురి ఆస్తి.

ఎనిమిదేళ్ళ తర్వాత, 2022 మేలో, ఒక కాన్ఫరెన్సు పని మీద బెంగళూరు నుంచి మళ్ళీ పోర్తో వెళ్ళాను. రిబేరా నిండా జనం, నేనెరిగిన కిరాణా కొట్లు పోయి హోటళ్ళయ్యాయి. మా ఇంటావిడ తలుపు తీసింది వేరే ఎవరో. పొద్దున పదకొండింటికి వంతెన దగ్గరికెళితే కింది అంతస్తుకి అడ్డంగా రేకులు కట్టి ఉన్నాయి. రిపేర్లకి మూసేశారు, పైన మాత్రం మెట్రో నడుస్తోంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ ఇనుముకి ఇంకోసారి చెవి ఆనించి చూద్దామనే అంత దూరం నడిచొచ్చాను.

రాజమండ్రికి వీడియో కాల్ చేశాను. నాన్న మధ్యాహ్నం కునుకులోంచి లేచి, కళ్ళజోడు వెతుక్కుని తెరలోకి వచ్చారు. మోకాళ్ళతో ఇప్పుడు వీధి చివరికి పోవడమే కష్టం.

"బ్రిడ్జి మూసేశారు నాన్నా" అన్నాను, ఎలా తీసుకుంటారో అనుకుంటూ.

"మూసేశారా, రిపేరా?"

"రిపేరే. మళ్ళీ తెరుస్తారట."

"అలా చెప్పు మరి, హడలగొట్టేశావు. ఏరీ, మనుషులు కనిపిస్తున్నారా? ఎంతమంది? కెమెరా అటు తిప్పు."

రేకుల సందులోంచి ఫోన్ పెట్టాను. పసుపు హెల్మెట్ల వాళ్ళు గర్డరు మీద ఏదో గీకుతున్నారు. నా చెయ్యి లాగుతోంది, పక్కన టూరిస్టులు నన్ను వింతగా చూస్తున్నారు. నలభై నిమిషాలైంది. ఫోన్లో వెనక నుంచి అమ్మ "కాఫీ చల్లారిపోతోంది" అని మూడోసారి అరిచింది. నాన్న వినిపించుకోలేదు.

"కొంచెం పైకెత్తమ్మడూ, ఆ జాయింటు కనబట్టం లేదు."